పుట్టగొడుగేది? కుక్కగొడుగేది?

తొలకరి వానలకు నేల మెత్తబడిన కొలది దినములకే అడవి అంచులలోని పుట్టల చుట్టును తెల్లని గొడుగులు తలయెత్తును. ఉరుములకు అవి మొలచునని పల్లెలలో అందురు. ఉరుముతో వాటికి చుట్టరికమున్నను లేకున్నను, ఆ ఉదయమున తూర్పు కనుమల గూడెములలోని స్త్రీలు బుట్టలు చేతబట్టి అడవిదారి పట్టుదురు. మధ్యాహ్నమునకు ఇంట కూర ఉడుకును. ఆ బుట్టలో నున్నది ఒక పూట కూర మాత్రమే కాదు. పాఠ్యపుస్తకములలో తగిన చోటు దొరకని ఒక శాస్త్రము కూడ.

ఆ శాస్త్రమునకు తెలుగు భాషయే తొలి సాక్ష్యము. పల్లెవాడుకలో తినదగినది పుట్టగొడుగు, తినరానిది కుక్కగొడుగు. మొదటి పేరు చోటును తెలుపును, రెండవది హెచ్చరించును. నేడు పట్టణములలో గడ్డి సంచులయందు పెంచి అమ్ముదానికి సైతము పుట్టగొడుగను పేరే చెల్లుచున్నది. పుట్టతో సంబంధము తెగిన పిదప ఆ పేరు చెప్పు పాఠమును వినువారు తగ్గిపోయిరి.

ఆ పాఠము సామాన్యమైనది కాదు. నాగుల చవితినాడు పాలు పోసి పూజించు పుట్టను కట్టినది పాము కాదు, చెద. కొన్ని జాతుల చెదలు ఎండుటాకులను, కట్టెను నమలి తెచ్చి, పుట్ట లోపల తేనెపట్టువంటి మడులను కట్టి, వాటిపై ఒక శిలీంధ్రమును సాగుచేయును. కట్టెలోని కఠిన పదార్థమును ఆ శిలీంధ్రము జీర్ణింపజేయగా చెదలకు ఆహార మేర్పడును. ఈ వ్యవసాయము ఆఫ్రికాలో సుమారు మూడు కోట్ల సంవత్సరముల క్రిందట ఆరంభమైనదని శాస్త్రజ్ఞుల అంచనా. 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ ఈ శిలీంధ్రములకు టెర్మిటోమైసెస్ అని ప్రజాతినామ మొసగెను. వానకాలమున ఇది లోపలి మడినుండి పొడవైన వేరువంటి కాడను సాచి, మన్నును చీల్చుకొని పైకి వచ్చి గొడుగు విప్పును. చెదలు లేక దీనిని పంటగా పండించు ఉపాయము మానవునకు ఇంకను చిక్కలేదు. మడి చెడనంతవరకు అదే పుట్ట చెంత మరల మరల మొలచును. అందుచేతనే అడవి నెరిగిన స్త్రీ పుట్టను త్రవ్వదు; గొడుగును మాత్రము నెమ్మదిగా పెకలించి, కొన్నిటిని విడిచి వచ్చును.

ఇంతటి విషయము విద్యాలయములకు ఏల చేరలేదు? శాస్త్రగ్రంథముల ఏవగింపు ఒక కారణమై యుండవచ్చును. మనుస్మృతి ద్విజులకు ఛత్రాకమును నిషేధించినది. వ్రాతనేర్చిన వారిలో ననేకులు తినని వస్తువు వ్రాతకెక్కకపోవుట వింతకాదు. తినినవారికి వ్రాత లేదు. కావున ఈ జ్ఞానము తల్లి నోటినుండి కూతురి చెవికి, తల్లి వేలినుండి కూతురి కంటికి సాగివచ్చినది. ఇప్పుడా దారియే తెగుచున్నది. జూన్ నెలలో తొలి వానలు పడును. జూన్ నెలలోనే బడులు తెరచుదురు. తల్లి పుట్టకడకు పోవు ఉదయమున కూతురు దూరపు వసతిగృహమున అక్షరములు వల్లించుచుండును. ఆమె చదువుట మేలే. కాని ఒక చదువునకై మరియొక చదువును పోగొట్టుకొనవలసిన అగత్యము లేదు.

ప్రాణాపాయకరమైన వస్తువును పిల్లలకేల చూపవలెనని కొందరు ఉపాధ్యాయులు శంకింతురు. ఆ శంక న్యాయమైనది. 2022 ఏప్రిల్‌లో అస్సాం రాష్ట్రమున విషపు గొడుగులు తిని పదముగ్గురు మరణించిరి. అమానిటా ప్రజాతిలోని కొన్నిటియందుండు విషము ఉడికించినను, వేయించినను, ఎండించినను నశింపదు. తినిన ఆరు గంటలకో పండ్రెండు గంటలకో వాంతులు, విరేచనములు మొదలగును. పిమ్మట రోగి తేరుకొన్నట్లు కానవచ్చును. ఆ తేరుకొనుటయే మోసము. అప్పటికే కాలేయము చెడుచుండును. అనుమానము కలిగిన తక్షణమే మిగిలిన ముక్కతో సహా ఆసుపత్రికి చేర్చవలెను.

అయితే ఈ ప్రమాదమునకు విరుగుడు అజ్ఞానము కాదు. అజ్ఞానమున్నచోట అడ్డదారి సూత్రములు చేరును. వెండి నాణెమును వేసి ఉడికించినపుడు నల్లబడనిచో మంచిదట. పురుగు కొరికినదైనచో మంచిదట. తెల్లగానుండి సువాసన కలదైనచో మంచిదట. ఇవన్నియు అబద్ధములే. ప్రాణము తీయు గొడుగులలో తెల్లనివి కలవు. పురుగులు హాయిగా తిను వానిలోను మనుష్యుని చంపునవి కలవు. గుర్తించు శ్రమను తప్పించుకొనుటకు కల్పించినవి గనుకనే ఈ సూత్రములు చెడినవి.

గూడెపు స్త్రీకి సూత్రములతో పనిలేదు. ఆమె పుట్టను చూచును; మన్నులో లోతుగా దిగిన కాడను చూచును; గొడుగు నడిమి మొనను, ముదిరినకొలది గులాబిచాయ తిరుగు అడుగురేకులను, కాడ మొదట సంచివంటి తొడుగు లేకుండుటను చూచును. వీనిలో ఏ ఒక్క గురుతును చాలదు. గులాబిచాయ రేకులుగల విషజాతులును కలవు. అన్నిటిని కలిపి, పొరుగింటి బిడ్డను పోల్చినట్లు ఆమె పోల్చును. పోల్చజాలనిదానిని ముట్టదు. ముట్టకుండుట ఆమె విద్యలో సగము.

ఇది సకల విద్యలకును వర్తించు మాట. పరీక్షకు పది సూత్రములు కంఠస్థము చేసిన విద్యార్థికంటె, ఒక్క వస్తువును నిలిచి చూచి నిజముగా ఎరిగిన విద్యార్థి మిన్న. కాబట్టి ఉపాధ్యాయులు వానకాలమున ఒక దినమైనను అట్టి స్త్రీని గురువుగా పిలిచి, పిల్లలను ఆమెవెంట నడిపింపవలెను. ఆమె చెప్పు పేర్లను కోయ, గోండి, కువి, సవర భాషలలో నున్నవి ఉన్నట్లు వ్రాయింపవలెను; బొమ్మలు గీయింపవలెను. గొడుగు తలను కోసి, కాగితముపై బోర్లించి, రాత్రియంతయు మూతవేసి ఉంచినచో తెల్లవారునప్పటికి దాని బీజరేణువులు కాగితమున రంగుగా దిగును. పుట్టగొడుగు రేణువులు గులాబిచాయ. పచ్చికలో మొలచి వాంతులు పుట్టించు ఒక తెల్లని గొడుగు రేణువులు ఆకుపచ్చన. విషమునకును ఆహారమునకును గల భేదము ఒక్కటైనను అట్లు కంటికి కట్టును. పిదప చేతులు కడిగింపవలెను. బడిలో రుచిచూచుట మాత్రము కూడదు.

వంట ఇంటి పాఠము. తల్లి మన్ను దులిపి కడిగి, కాడలను వ్రేళ్లతో చీల్చి, ఉల్లి, పచ్చిమిరప, పసుపులతో పొయ్యిమీద పెట్టును. నీరు పోయదు, గొడుగులు తమ నీటనే బాగుగ ఉడుకును. కోసిననాడే వండవలెను, మరునాటికి అవి చెడును. అన్నముతో ఆ కూర తినుచు బాలిక, బడిలో గీసిన బొమ్మను తల్లికి చూపినచో రెండు చదువులును ఒకచోట కలిసినట్లే.

జూన్ నెలలో తొలి వానల తరువాత గూడెపు విద్యార్థిని ఒక్క ఉదయము బడికి రానిచో, హాజరుపట్టీలో గురుతు పెట్టుటకు ముందు ఉపాధ్యాయుడు ఆమెనొక మాట అడుగుట మేలు: "ఏ పుట్ట దగ్గరికి వెళ్లావమ్మా? మాకూ చూపిస్తావా?"