47 గుడ్ల లెక్క

మళ్లీ పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి. నేను పెరంబూరులో తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. తెలుగు అక్షరాలు మా నాయన రాత్రిపూట దీపం దగ్గర నేర్పినవి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దండి. లెక్కలో తప్పుంటే మాత్రం మీటింగులో నిలబెట్టి అడగండి.

పోయిన ఆదివారం మీటింగులో రెండు మాటలు విన్నాను. ఇంటికి 500 రూపాయలు వసూలు చేసి, 500 గుడ్లు పట్టే పెద్ద ఇంక్యుబేటర్ కొనాలన్నది ఒకటి. మొదట తెచ్చిన చిన్న పెట్టె "మన ఆడవాళ్లకు చేతకాక" దండగైందన్నది రెండోది. అక్కడే లేచి మాట్లాడాల్సింది, నోరు రాలేదు. వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. అది చూశాక ఇంటికొచ్చి అన్నం సయించలేదు.

ఆ మాట అబద్ధం. నా దగ్గర లెక్క ఉంది.

పెట్టెలో 56 గుడ్లు పెట్టాం. 9 పిల్లలు దిగాయి. మిగిలిన 47 గుడ్లను చెత్తలో పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. పెరట్లో ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఒక్కొక్కటీ పగలగొట్టి చూశాను. మా ఆవిడ ఆ రాత్రి నన్ను ఇంట్లోకి రానివ్వలేదు, అది వేరే సంగతి. ఏళ్ల తరబడి రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తాగా పనిచేసినవాణ్ణి. సరుకు తక్కువ దిగితే ఎక్కడ పోయిందో పుస్తకంలో రాయకుండా నాకు నిద్ర పట్టదు.

47లో 19 గుడ్లు తెల్లగా, నీళ్లలా ఉన్నాయి. అసలు జీవమే పట్టలేదు. వాటిలో 14 కొట్లో కొన్న తెల్ల గుడ్లు. అవి ఎలా వచ్చాయో గుర్తుందా? ప్రారంభోత్సవం రోజున ట్రే సగం ఖాళీగా ఉందని, ఫోటోలో బాగుండదని, అప్పటికప్పుడు కుర్రాణ్ణి కొట్టుకు పంపించి తెప్పించాం. ఫారాల్లో గుడ్ల కోసం పెంచే పెట్టలు పుంజు మొహం చూడవు. ఆ గుడ్డును 21 రోజులు కాదు, 21 నెలలు వెచ్చబెట్టినా పిల్ల రాదు. ఈ 14 గుడ్లు ఏ ఆడకూతురి ఖాతాలో రాయాలి?

11 గుడ్లలో ఎర్రటి నెత్తురు చుట్టు ఉంది. అంటే జీవం పట్టి, మొదటి వారంలోనే చచ్చిపోయిందన్నమాట. దీనికి కారణం పెట్టె కాదు, మన ముహూర్తం. పొదగడానికి పెట్టే గుడ్డు వారం లోపుదై ఉండాలి, చల్లని చోట ఉంచాలి. అతిథికి తీరిక లేదని ప్రారంభోత్సవం రెండుసార్లు వాయిదా వేశాం. ఆడవాళ్లు ఇచ్చిన గుడ్లు రేకుల గదిలో మూడు వారాలు పడి ఉన్నాయి. పగటి ఎండకు గుడ్డులో జీవం సగం మేలుకుంటుంది, రాత్రి చల్లబడితే నీరసిస్తుంది. అలా పదిసార్లయితే ఏముంటుంది లోపల?

6 గుడ్లు మురిగిపోయాయి. ఒకటి పెట్టెలోనే పేలింది, ఆ కంపు మీ అందరికీ తెలుసు. పేలిన గుడ్డులోని చెడు పక్క గుడ్లకూ అంటుతుంది.

చివరి 11 గుడ్లు పగలగొట్టినప్పుడు నా చెయ్యి వణికింది. పూర్తిగా తయారైన పిల్లలు. ఈకలు, గోళ్లు, ముక్కు మీద పెంకు పగలగొట్టుకునే చిన్న మొటిమతో సహా. 18వ రోజు తర్వాత గుడ్లు తిప్పకూడదు, తేమ పెంచాలి, మూత తియ్యకూడదు. మూత తీస్తే లోపలి ఆవిరి పోయి, పొర ఎండి పిల్లను బిగించేస్తుంది. 19వ రోజున పెద్దలు ముగ్గురు చుట్టాలను తీసుకొచ్చి మూత తీసి చూపించారు. తియ్యొద్దని అన్నది ఎవరు? ఇప్పుడు చేతకానివాళ్లని పేరు పడ్డ ఆ ఆడవాళ్లే. ఆ సాయంత్రమే కరెంటు నాలుగు గంటలు పోయింది.

19, 11, 6, 11. కూడి చూసుకోండి.

ఇందులో చాలా నష్టం 7వ రోజునే తెలిసిపోయేది. ఒక చెప్పుల అట్టపెట్టె, దానికి గుడ్డు కంటే చిన్న చిల్లు, లోపల సెల్‌ఫోన్ టార్చి. గది చీకటి చేసి, గుడ్డు లావు వైపు చిల్లు మీద పెడితే చాలు. జీవం ఉంటే మధ్యలో నల్ల చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. జీవం లేకపోతే లాంతరు గ్లాసులా మొత్తం వెలుగుతుంది. నెత్తురు చుట్టు ఉంటే చచ్చిపోయినట్టు. 14న ఒకసారి, 18న ఒకసారి చూస్తే లావు వైపు గాలి గది పెరుగుతూ కనిపిస్తుంది. అది మరీ చిన్నగా ఉంటే తేమ ఎక్కువైందని, మరీ పెద్దదైతే తక్కువైందని అర్థం. నాటు కోడి గోధుమరంగు గుడ్డులో కొంచెం మసగ్గా ఉంటుంది, రెండు మూడు చూస్తే కన్ను అలవాటు పడుతుంది.

గుడ్డు మీద వెలుగు వేస్తే దిష్టి అని, మురిగిపోతుందని ఒక పెద్దాయన అన్నారు. ఆయనంటే నాకు గౌరవం. కానీ పొదుగుకు కూర్చున్న పెట్ట రోజూ లేచి మేతకూ నీళ్లకూ పోయి వస్తుంది కదా. ఆ పావుగంట ఎండా వెలుగూ తగిలినా ఏమీ కాని గుడ్డు, మన రెండు నిమిషాల టార్చికి పాడవుతుందా?

తమిళంలో పొదగడాన్ని అడైకాత్తల్ అంటారు. కాత్తల్ అంటే కాపలా కాయడం. మురిగిన గుడ్డును కూముట్టై అంటారు, బుర్ర లేనివాణ్ణి తిట్టేదీ ఆ మాటతోనే. మా బడిలో నేను చాలాసార్లు పడ్డ తిట్టు. ఈజిప్టులో వేల ఏళ్ల కిందటే మట్టి బట్టీల్లో వేలకొద్దీ గుడ్లు పొదిగించారు. థర్మామీటరు లేదు, కరెంటు లేదు. గుడ్డును కంటిరెప్పకు ఆనించి వేడి చూసే మనిషి ఉండేవాడు. మనం మనిషిని పెట్టకుండా పెట్టెను పెట్టాం.

మన రుషికుల్య మొగ దగ్గర ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడితే కుక్కలు రాకుండా రాత్రుళ్లు కాపలా కాస్తాం. తాబేలు గుడ్డును కదపకూడదని, పైది కిందికి తిప్పితే లోపల పిల్ల చస్తుందని మన కుర్రాళ్లందరికీ తెలుసు. కోడిగుడ్డు దానికి తారుమారు. 18 రోజులదాకా రోజుకు మూడుసార్లన్నా తిప్పకపోతే పిల్ల పొరకు అంటుకుంటుంది. సముద్రపు గుడ్డు గురించి అంత తెలిసిన ఊరు, ఇంట్లో గుడ్డు గురించి ఆడవాళ్ల మాట వినలేకపోయింది.

ఇప్పుడు 500 గుడ్ల మిషను సంగతి. మన కాలనీ పెట్టలన్నీ కలిపి వారంలో 500 జీవమున్న గుడ్లు ఇస్తాయా? నేను వీధి వీధీ తిరిగి లెక్కపెట్టాను, అందులో పదో వంతు కూడా రావు. మూడో వీధిలోనైతే ఒక్క పుంజుతో 20 పెట్టలు నెట్టుకొస్తున్నాయి. మళ్లీ కొట్టుకే పోతాం. పైగా కరెంటు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటాక ఎన్ని రాత్రులు చీకట్లో ఉన్నామో మరిచిపోయారా? 2018లో తిత్లీ కూడా అక్టోబరులోనే. గంప కింద పెట్టకు కరెంటు అక్కర్లేదు.

వనరాజా పిల్లల్ని తెచ్చి పంచుదాం అంటున్నారు. తెండి, గుడ్లు బాగా పెడతాయి. కానీ అవి సరిగా పొదుగుకు కూర్చోవు. వాటికోసం నాటు పెట్టల్ని అమ్మేస్తే రేపు పొదిగేది ఎవరు?

ఇదంతా కోళ్ల గొడవ అనుకోకండి. నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర ఇంజను పడవల వేటకు నిషేధం. పాత పొడంపేటను సముద్రం మింగాక ఇక్కడికొచ్చిన ఇళ్లలో, ఆ ఏడు నెలలూ పిల్లల ఫీజుకీ మందుబిళ్లకీ కోడి అమ్మిన డబ్బే చేతికందుతుంది. ఆ ఇంటి నుంచే 500 అడుగుతున్నాం, ఆ ఇల్లాలినే చేతకానిదని అంటున్నాం.

నేను ఆ డబ్బు ఇవ్వను. పేరు రాసుకోండి. ఉన్న చిన్న పెట్టెకు ఒక బ్యాటరీ, ఒక మంచి థర్మామీటరు కొనండి, దానికి నా వంతు రెట్టింపు ఇస్తాను. తాళంచెవి పొదగడం తెలిసిన ఆడవాళ్ల దగ్గర ఉండాలి, రిజిస్టరు వాళ్లే రాయాలి. అక్షరాలు రానివాళ్లకు నేను రాసిపెడతాను.

వచ్చే మీటింగులో ఆ "చేతకాక" అన్న మాటను మినిట్సు పుస్తకంలోంచి కొట్టేయాలని అడుగుతాను. ఈలోగా శనివారం రాత్రి ఏడు గంటలకు మా వరండాలో అట్టపెట్టె, టార్చి సిద్ధంగా ఉంటాయి. మా పక్కింటి వదిన పెట్ట కింద 12 గుడ్లున్నాయి, శనివారానికి వాటికి 7వ రోజు. ఆ మాట అన్నాయన కూడా రావాలి, ముందు వరసలో కుర్చీ వేస్తాను.