గ్రేటెస్ట్ హిట్స్ కొనాలా? ఏరిందెవరో చెప్పండి ముందు

నా పుస్తకాల అరలో ఈగల్స్ బ్యాండ్ వాళ్ల 'దెయిర్ గ్రేటెస్ట్ హిట్స్' సీడీ ఒకటుంది. ఆ మధ్య బెంగళూరు నుంచి వచ్చిన చిన్ననాటి మిత్రుడు దాన్ని రెండు వేళ్లతో పైకి తీసి, "ఏం రా ఇది, గైడ్లు చదివి పాసయ్యేవాళ్లు కొనేది కదా" అన్నాడు. సంగీతం అంటే ప్రేమ ఉన్నవాడు ఆల్బమ్ కొంటాడట. తీరిక లేనివాడు గ్రేటెస్ట్ హిట్స్ కొంటాడట. ఇదే మాట సాహిత్య మిత్రుల నోటా చాలాసార్లు విన్నాను, విని ఊరుకున్నాను. కానీ వీడు గుత్తివాడు. గుత్తిలో పెరిగినవాడు ఆ మాట అనకూడదు. అందుకే ఇది రాస్తున్నా.

మా ఇంట్లో ఆల్బమ్ అనే వస్తువే లేదు. కంపెనీ క్యాసెట్లు కొనే స్తోమత ఉన్న ఇళ్లు ఊళ్లో ఉండేవి, మాది కాదు. బస్టాండు దగ్గర రికార్డింగు షాపు ఉండేది. కావాల్సిన పాటలు చీటీ మీద రాసిస్తే, ఖాళీ క్యాసెట్లో ఎక్కించి రెండ్రోజులాగి ఇచ్చేవాడు. శెనక్కాయలు చేతికొచ్చిన ఏడు ఒక కొత్త క్యాసెట్. వాన ఎగ్గొట్టిన ఏడు పాతదాని మీదే చెరిపి ఎక్కించుకోవడం. మా వైపు వాన ఎగ్గొట్టే ఏళ్లే ఎక్కువ కాబట్టి, ఏ పాట ఉంచాలి, ఏ పాట చెరపాలి అని ఇంటిల్లిపాదీ కూర్చుని తగాదా పడేవాళ్లం. ఒక పాట ఎందుకు మంచిదో నోరు విప్పి చెప్పాల్సి రావడం నాకు అక్కడే మొదలైంది. తర్వాత చదివిన విమర్శ పుస్తకాలన్నీ దానికి కొనసాగింపే.

కాబట్టి సంకలనం అంటే సోమరితనం అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే: ఏరడం అంటే పోగొట్టుకోవడానికి సిద్ధపడటం. పదహారు పాటలే పట్టే చోట పదిహేడోది వదులుకున్నవాడికి ఆ పదహారూ ఎందుకు కావాలో తెలుసు. ఇదే మిత్రులు 'వైతాళికులు' సంకలనాన్ని కళ్లకద్దుకుంటారు. 1935లో ముద్దుకృష్ణ ఏరిన కవితలవి. మా సీమవాడైన వేమన పద్యాలను బ్రౌన్ ఏరి 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చేశాడు. అదీ సంకలనమే. కవిత్వంలో ఏరితే సంపాదకత్వం, పాటల్లో ఏరితే గైడా?

ఇంకో సంగతి. 'పూర్తి ఆల్బమ్' అనే పవిత్ర వస్తువు మన పాటకు ఎప్పుడుందని? మన పాట పుట్టింది సినిమాలో. అందులోంచి కోసి డిస్కు మీదికెక్కించారు. పాత 78 ఆర్పీఎం రికార్డుకు ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. అంతకన్నా పొడుగైతే రెండు వైపులకీ పంచాల్సిందే. మన చెవికి చేరేటప్పటికే అది ముక్క. ముక్కల్ని ఎవరు, ఎలా పేర్చారన్నదే మనకెప్పుడూ ఉన్న ప్రశ్న.

సరే, మిత్రుడి సంగతి అయింది. ఇప్పుడు రెండోవైపు. సంకలనాలు అమ్మేవాళ్లతో నాకు ఇంతకన్నా పెద్ద తకరారు ఉంది.

ఆ మధ్య మా నాయన కోసం పాత పాటలు ముందే నింపి అమ్మే ప్లేయర్ ఒకటి కొన్నాను. అందులో ఘంటసాల హిట్లు వందల్లో ఉన్నాయి. ఆయన రెండ్రోజులు అరుగు మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు. మూడోరోజు అడిగాడు: "పాటలు బాగుండాయి గానీ, పద్యాలు యాడుండాయిరా దీంట్లో?"

వెతికాను. 'పుష్పవిలాపం' ఉంది. ఆయనకు కావాల్సింది 'నర్తనశాల' పద్యాలు. అవి లేవు. ఎందుకు ఉండవో అర్థం చేసుకోవడం కష్టం కాదు. సినిమాలో పద్యం నిమిషమో, నిమిషంన్నరో ఉంటుంది. దానికి పల్లవి లేదు, జాబితాలో వేయడానికి పేరూ లేదు. కురుక్షేత్రం నాటకం ఆడితే తెల్లార్లూ కూర్చుని ఒన్స్ మోర్ కొట్టే పల్లెల నుంచి వచ్చిన మనిషికి ఘంటసాల అంటే ముందు పద్యం, తర్వాతే పాట. ఆ మనిషిని లెక్కలోకి తీసుకోకుండా చేసిన జాబితాకు 'ఘంటసాల హిట్స్' అని ఎలా పేరు పెడతారు?

మరి మా క్యాసెట్లో ఆ పద్యాలు ఎలా వచ్చాయి? చీటీలో మేం రాయలేదు. అరవై నిమిషాల క్యాసెట్టుకు సైడు ముప్పై నిమిషాలు. మూడున్నర నిమిషాల పాటలు ఎనిమిది పడితే, చివర రెండు నిమిషాలు మిగులుతుంది. షాపాయన మా నాయనను అడిగాడు: "రెండు నిముషాలు మిగుల్తాదప్పా. పాట పట్టదు. పద్యం ఏసేదా?" "ఏయి సామీ" అన్నాడు నాయన. అంతే. ఆ మిగులులో ఏం వేయాలో ఆయనే ఆలోచించి వేశాడు. అడగనిది ఒకటి ఇవ్వడం, అది అడిగినవాటికన్నా ఎక్కువ రోజులు గుర్తుండిపోవడం. మంచి సంకలనానికి ఇంతకుమించిన నిర్వచనం నాకు దొరకలేదు.

కంపెనీ సంకలనంలో ఆ చెయ్యి కనబడదు. ఇప్పటికే ఎక్కువగా విన్నవాటినే మళ్లీ వినిపిస్తుంది. దాన్ని ఎంపిక అనరు, పద్దు రాయడం అంటారు. పైగా గొంతు ఒక్కటే లెక్క. 'పాతాళభైరవి', 'మాయాబజార్', 'లవకుశ' సినిమాల సంగీతంలో ఘంటసాల పేరుంది. 'లవకుశ'లో లవకుశుల పాటలు లీల, సుశీల పాడారు. బాణీ కట్టిన ఘంటసాల ఆ పాటల్లో లేడా? గొంతు పేరు మీద చేసే జాబితాలో స్వరకర్త మాయమైపోతాడు. 1953లో వచ్చిన 'దేవదాసు' పాటలు ఏ హిట్ల జాబితాలోనైనా ఉంటాయి. బాణీలు కట్టిన సుబ్బురామన్ ఆ సినిమా విడుదల కాకముందే, 1952లోనే చనిపోయాడు. నేను కొన్నదాంట్లో ఆయన పేరు లేదు. పాటలు రాసిన సముద్రాల పేరూ లేదు. కవుల గురించి ఇంత మాట్లాడుకునే మనం ఈ విషయంలో ఎందుకు నోరు మెదపం?

ఇప్పుడు ఆ ఈగల్స్ సీడీ దగ్గరికొద్దాం. 1976 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి నాలుగు ఆల్బమ్‌ల నుంచి ఏరిన పది పాటలు. 2018లో అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘం అమ్మకాలూ స్ట్రీమింగూ కలిపి దీనికి 3 కోట్ల 80 లక్షల ప్రతుల లెక్క కట్టి, మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను దాటించింది. తమాషా ఏంటంటే, ఈగల్స్ అనగానే మనకు గుర్తొచ్చే 'హోటల్ కాలిఫోర్నియా' అందులో లేదు. అది అదే ఏడు డిసెంబర్లో వచ్చింది. కాబట్టి బ్యాండ్ మొత్తం ఇందులో ఉందనుకుని కొంటే మోసపోతారు. కానీ ఆ పదిలో 'డెస్పరాడో' ఉంది. ఈగల్స్ దాన్ని సింగిల్‌గా ఎన్నడూ విడుదల చేయలేదు. అంటే హిట్టు కాని పాటను ఎవరో పట్టుబట్టి హిట్ల మధ్య కూర్చోబెట్టారు. నా లెక్కలో అది సైడు చివర వేసిన పద్యం. ఆ ఒక్క పాట కోసం ఆ సీడీ నా అరలో ఉంటుంది, మిత్రుడు ఎన్ని వేళ్లతో తీసినా సరే.

"అన్నీ ఫోన్లో ఉండగా కొనడం దేనికి" అంటారా? అన్నీ ఉన్న చోట ఎవరూ ఏమీ వదులుకోరు. మీరు నిన్న విన్నదాన్ని బట్టి ఇవాళ వినిపిస్తుంది. మీకు తెలియనిది మీ చేతిలో పెట్టే ధైర్యం దానికి లేదు. చోటుకు కొదవ లేని దాంట్లోనే మా నాయన పద్యానికి చోటు దొరకలేదని మర్చిపోకండి.

అందుకని నా మాట ఇది. సంకలనం చేతికి తీసుకోగానే మూడు చూడండి. ఏరిన మనిషి పేరుందా? రాసినవాళ్ల పేర్లు, బాణీ కట్టినవాళ్ల పేర్లు, సినిమా, ఏడు ఉన్నాయా? మీరు అడగనిది ఒక్కటైనా ఉందా? మూడింట్లో రెండున్నా డబ్బు పెట్టండి, ఎవడు గైడన్నా పట్టించుకోకండి. ఒక్కటీ లేకపోతే అక్కడే పెట్టేసి రండి. మొదటి రెండూ లేకపోయినా మూడోది గట్టిగా ఉంటే, అది మీ ఇష్టం. మా షాపాయన ఏ క్యాసెట్ మీదా తన పేరు రాసుకోలేదు.

నాయన కోసం ఈసారి నేనే ఏరుతున్నాను. పెన్‌డ్రైవ్‌లో వేల పాటలు పడతాయి. పదహారే వేస్తాను, ఎనిమిదింటికి ఒకసారి పద్యం. ఏ పాటలు వదిలేయాలో తేలక మూడు రోజులుగా చీటీ మీద కొట్టేస్తూనే ఉన్నాను.