కోట దాకా బస్సు రావాలి

గండికోట అభివృద్ధికి కేంద్రం 2024 చివర్లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. ఎన్నాళ్లుగానో పట్టించుకునేవారు లేని కోటకు ఇది మంచి కబురే. అయితే ఈ సొమ్ము ఏ మేరకు సార్థకమైందో కొలవాలంటే ఒక్క ప్రశ్న చాలు: కారు లేని మనిషి జమ్మలమడుగులో దిగి, కోట చూసుకుని, అదే రోజు ఇల్లు చేరగలడా?

ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న పారే లోయ అంచున ఈ దుర్గం ఉంది. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. 1652లో అతణ్ని కలవడానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, కొండను తొలిచి వేసిన ఇరుకు దారి గురించి రాసిపెట్టాడు. చేరడం కష్టం కాబట్టే అప్పట్లో కోట నిలిచింది. ఇప్పుడు ఆ కష్టం పక్క ఊరి బడిపిల్లలను ఆపుతోంది.

సొంత వాహనాల్లో వచ్చేవారిలో ఎక్కువమంది సాయంత్రం లోయ దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. వాళ్లు దాటిపోయే కట్టడాల్లోనే అసలు చరిత్ర ఉంది. జామా మసీదు పక్కనే కమానుల పైకప్పుతో పెద్ద ధాన్యాగారం ఉంది. ముట్టడి రోజుల్లో కోటలోని జనాన్ని బతికించాల్సిన గింజలు దాచిన చోటది. కాస్త నడిస్తే మాధవరాయస్వామి గుడి గోపురం. ఏలికలు మారినా కోటకు తిండీ ప్రార్థనా ఎలా సమకూరాయో ఆ కొద్దిపాటి నడకలోనే అర్థమవుతుంది. దానికి తీరిక కావాలి. తిరుగు బస్సుపై భరోసా ఉన్నవారికే ఆ తీరిక దొరుకుతుంది.

అలాంటి ప్రయాణానికి పునాది ఇప్పటికే పడింది. 1996–97లో మంజూరైన 123 కిలోమీటర్ల నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గంలో 2016లో ప్రయాణికుల రైలు మొదలైంది. బనగానపల్లెలో దిగితే యాగంటి క్షేత్రం దగ్గర. కోయిలకుంట్ల అయితే, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును చూసిన ఊరు. ఇదే మార్గంలోని జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. చిన్న పట్టణాలను ఇలా చరిత్రతో కలుపుతూ పోయే దారులు మనకు ఎన్నో లేవు. రెండు దశాబ్దాలు పట్టిన పట్టాలు చివరి 15 కిలోమీటర్ల దగ్గర అక్కరకు రాకపోతే అది ప్రణాళికా లోపమే.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. రైలు వేళలకు సరిపోయేలా స్టేషన్, బస్టాండు మీదుగా కోటకు బస్సు నడపాలి. సూర్యాస్తమయం తర్వాత కచ్చితంగా ఒక తిరుగు సర్వీసు ఉండాలి. వేళల పట్టికను స్టేషన్లోనూ కోట వాకిట్లోనూ తెలుగులో రాసిపెట్టాలి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ప్రొద్దుటూరు గృహిణికి ఆ హక్కు కోట దాకా పనికిరావాలంటే ముందు వేళకు బస్సుండాలి కదా!

ఖాళీ బస్సులు తిప్పితే ఆర్టీసీకి నష్టమనే వాదనను తోసిపుచ్చలేం. శని, ఆదివారాలు, సెలవు రోజులతో మొదలుపెట్టి, ఆదరణను బట్టి పెంచవచ్చు. మొదటి రెండు, మూడేళ్ల లోటును పర్యాటక శాఖ భరించాలి. జనం పెరిగితే కట్టడాలకు చేటన్న భయమూ సహేతుకమే. కానీ ఒక బస్సు పదిహేను కార్ల జనాన్ని తెస్తుంది. వాహనాలను కోట బయటే నిలిపి లోపల నడిపిస్తే రాతిగోడలకూ మేలు, ఊరివాళ్ల టీకొట్లకూ బేరం.

చూసే జనం లేని కట్టడం కూలిపోతున్నా అడిగే గొంతు ఉండదు. కడప జిల్లా పిల్లలు చదువుకునే రోజుల్లోనే కోటలో కలియదిరిగితే, రేపు దాని రాయి కదిలినా నిలదీసేది వాళ్లే. అందుకే గండికోట ఖర్చుల పద్దులో మొట్టమొదటి వరుస బస్సుకు దక్కాలి.