తెలిసిన కథ, తరగని నవ్వు

హాస్యము ఒక్కసారి అనుభవించదగినదే కాని, రెండవసారి రుచించదని కొందరి అభిప్రాయం. విన్న చమత్కారాన్నే మరల వినవలసివస్తే పెదవి విరచడం సహజమే. కాని రంగస్థల హాస్యం విషయంలో ఈ మాట సగమే నిజమని మేము భావిస్తున్నాము. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన 'కన్యాశుల్కం' కథ తెలియని తెలుగువారు అరుదు. అయినను గిరీశం రంగం మీద అడుగు పెట్టగానే నేటికీ నవ్వులు వినవస్తాయి.

దూరదేశపు ఉత్సవాలలో మెప్పు పొందిన హాస్య నాటకం మరల సొంతగడ్డకు వచ్చినప్పుడు దానిని చూడటంలో మరొక విశేషం కలదు. ఇందుకు ఉదాహరణ మనమున్న ఈ ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలోనే లభిస్తున్నది. 'నాచా' ఇక్కడి పల్లెల హాస్య నాట్యం. జోకర్ వేషధారి, స్త్రీ పాత్ర ధరించిన పురుషుడు కలిసి తెల్లవారే వరకు జనాన్ని నవ్విస్తారు. దీనికి వ్రాతప్రతి ఉండదు. ఊరిని బట్టి, ఎదుట కూర్చున్న వారిని బట్టి మాట మారుతుంది.

రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ ఈ నాచా కళాకారులను తమ 'నయా థియేటర్'లో చేర్చుకొని, వారి మాతృభాషలోనే మాట్లాడనిచ్చారు. 1974లో భిలాయిలో జరిగిన శిక్షణ శిబిరంలో రూపుదిద్దుకొన్న 'చరణ్‌దాస్ చోర్' 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో 'ఫ్రింజ్ ఫస్ట్' పురస్కారం గెలుచుకొన్నది. అటువంటి ఉత్సవాలలో ప్రదర్శనకు నిర్ణీత కాలం ఉంటుంది. తెల్లవార్లూ సాగే ఆట అక్కడ ఆ కొలతకు ఒదగవలసిందే. ఊరి మైదానంలో మాత్రం నటుడు జనం నవ్వు ఆగే వరకు ఆగి, తరువాతి మాట అందుకొంటాడు. పురస్కారం ఆ ఆటకు కీర్తినిచ్చింది. దానికి ఊపిరి మాత్రం ఆ భాష ఎరిగిన ప్రేక్షకులదే.

ఇక కథ. బంగారు పళ్ళెంలో భుజించనని, ఏనుగునెక్కి ఊరేగనని, రాణిని వివాహమాడనని, రాజును కానని చరణ్‌దాస్ అనే దొంగ గురువు ఎదుట పరిహాసంగా ప్రమాణం చేస్తాడు. దొంగకు ఇవన్నీ ఎక్కడివని అతని ధీమా. అబద్ధమాడరాదని గురువు మరొక నియమం చేరుస్తాడు. చివరకు ఆ భాగ్యాలన్నీ ఒక్కొక్కటే అతని ముందుకు వస్తాయి. అతడు దేనినీ స్వీకరించక, సత్యం కొరకు ప్రాణం విడుస్తాడు. మొదటిసారి చూచినప్పుడు ఆ ప్రమాణాలకు పగలబడి నవ్వుతాము. ముగింపు తెలిసి మరల చూచినప్పుడు నవ్వు ఆగదు కాని, దాని వెనుక గుండె బరువెక్కుతుంది. ప్రతి ప్రమాణం అతని మెడకు ఉరి బిగిస్తున్నదని మనకు తెలుసు, అతనికి తెలియదు.

ఆరంగ్ నివాసులకు ఈ కథ మరింత సన్నిహితం. ఆడిన మాటకై కన్నకొడుకును రంపమున కోయించిన మోరధ్వజ మహారాజు రాజధాని ఇదేనని స్థానిక ఐతిహ్యం. రంపానికి ఇక్కడి పేరైన 'ఆరా' నుండియే ఊరికి ఈ పేరు వచ్చిందంటారు. జైమిని భారతంలోని మయూరధ్వజునిగా ఈ రాజు తెలుగువారికి పరిచితుడే. రాజు నిలుపుకొన్న మాటకు మనం చేతులు జోడిస్తాము. దొంగ నిలుపుకొన్న మాటకు మొదట నవ్వి, పిదప తల వంచుతాము.

హబీబ్ తన్వీర్ 2009 జూన్ 8న కన్నుమూశారు. చరణ్‌దాస్ పాత్రధారులలో ఒకరైన గోవిందరామ్ నిర్మల్కర్‌కు ఆ సంవత్సరమే పద్మశ్రీ లభించింది. పురస్కారాలు కళాకారుని గౌరవిస్తాయి. కళను నిలిపేది మాత్రం ఎదుట కూర్చున్న జనమే. ఉద్యోగరీత్యా ఈ ప్రాంతానికి వచ్చిన మన కుటుంబాలవారు భాష పూర్తిగా రాదని సంకోచించనక్కరలేదు. సమీప గ్రామంలో నాచా జరుగుతున్నదని తెలిసిన రాత్రి పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. ఒకమారు చూచామని ఊరుకోక, మరుసటి ఏడు కూడా వెళ్ళండి. అదే కథకు ఈసారి ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేకపోయారో గమనించండి.