తెలుగు కథలో ‘అమ్మీ’ అని రాయవచ్చా?

గత నెల ఒకనాడు అస్ర్ నమాజు పిమ్మట, పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తండ్రితో కలిసి మా వద్దకు వచ్చింది. చేతిలో నోటుపుస్తకం, అందులో మూడు కథలు. భాష చక్కగా ఉంది. కానీ మూడింటిలోనూ ఇల్లు ఆమెది కాదు. సహ్రీ వేళకు నిద్రలేపే తల్లి గానీ, షీర్ ఖుర్మాకు పాలు కాచే నానీ గానీ ఎక్కడా కనిపించలేదు. కారణం అడిగితే తల వంచుకుని, “తెలుగు కథలో అమ్మీ అని రాయవచ్చా, మౌలానా సాబ్?” అన్నది.

నిస్సంకోచంగా రాయవచ్చు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నిండా అటువంటి ఇల్లే ఉంది. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది.

అయితే పిల్లలలో ఈ జంకు కలగడానికి మావంటి బోధకులమూ కొంత కారణమే. కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థి తెచ్చిన వ్యాసాన్ని మేము ఎర్రసిరాతో నింపివేశాము. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు అయిన పిల్లవానికి ఒత్తులూ దీర్ఘాలూ తడబడటం సహజం. అతను చెప్పదలచిన సంగతిని గురించి మాత్రం ఒక్క మాటైనా అనలేదు. మళ్లీ అతను మాకు ఏ కాగితమూ చూపలేదు. నేడు దుకాణం నడుపుకుంటున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్, బాగానే ఉన్నాడు. ఎదురైనప్పుడల్లా మాకు ఆ సిరాయే గుర్తుకు వస్తుంది.

దైవప్రవక్త (సఅసం) మదీనాకు వచ్చేనాటికి హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) సుమారు 11 ఏళ్ల బాలుడు. ఆయనను యూదుల లిపి నేర్చుకొమ్మని ప్రవక్త (సఅసం) ఆదేశించగా, దాదాపు 15 రోజులలో నేర్చుకున్నారని ఉల్లేఖనం. ఆపై వారికి లేఖలు రాసే, వారి నుండి వచ్చినవి చదివి వినిపించే బాధ్యత ఆయనకే దక్కింది. ఆ పిల్లవానికి దొరికింది పని, నమ్మి అప్పగించిన పని.

ఆ అమ్మాయి తండ్రి మరో ప్రశ్న అడిగారు: “రాతలతో ఇల్లు గడుస్తుందా?” కేవలం కథలతో గడవదని ఉన్నమాటే చెప్పాము. పేరున్న తెలుగు రచయితలెందరో ఉద్యోగం చేస్తూనే రాశారు. కానీ వాక్యం కుదురుగా రాయగలవారికి పత్రికలలో ఉపసంపాదకుల పని ఉంది, ప్రచురణ సంస్థలలో ప్రూఫులు దిద్దే పని ఉంది. కొన్ని పత్రికలు పట్టభద్రులను పరీక్ష ద్వారా ఎంపిక చేసి, భృతి ఇచ్చి శిక్షణనిస్తాయి. ఇక ఉర్దూ, తెలుగు రెండూ చక్కగా వచ్చినవారికి అనువాదం ఉండనే ఉంది. మన పిల్లలు లోపమనుకునే రెండు భాషల జీవితమే అక్కడ పెట్టుబడి. ఇంటిలో ఉర్దూ లిపి నేర్పడం మానేసిన తల్లిదండ్రులు ఈ మాట కొంచెం ఆలోచించాలి.

అమ్మాయికి మేమొక పని అప్పగించాము. నానీ దగ్గర కూర్చుని, ఖుర్మా చేసే తీరు ఆమె మాటల్లోనే రెండు పేజీలు రాసుకు రమ్మన్నాము. మొన్న ఆరు పేజీలు తెచ్చింది. నానా చనిపోయిన ఏడాది పండుగకు పొయ్యి వెలిగించలేదని నానీ చెప్పిందట. ఒత్తులు తొమ్మిది చోట్ల తప్పాయి. వాటిని పెన్సిలుతో సన్నగా గుర్తుపెట్టి పక్కనుంచి, “ఆ పూట ఇంట్లో మరి ఏమి తిన్నారు, బేటీ?” అని అడిగాము. “నానీని అడిగి రాసుకొస్తాను” అంటూ నోటుపుస్తకం తీసుకుంది.