చిక్కిపోయాడే!

సెలవులకు ఊరొచ్చిన మనవణ్ని చూడగానే అమ్మమ్మ నోట వచ్చే మొదటి మాట "అయ్యో, చిక్కిపోయాడే!" వాడు నిజంగా చిక్కాడా లేదా అన్నది ఆమెకు అనవసరం. ఆ మాట వెనక రెండు మూడు తరాల భయం ఉంది. కరువులు చూసిన కళ్లు, పసితనంలోనే పోయిన పిల్లల్ని ఇప్పటికీ తలచుకునే ఇళ్లు మనవి. బిడ్డ ఎముకలు కనబడితే ఉలిక్కిపడతాం, బుగ్గలు నిండితే దిష్టి తీస్తాం. ఆ భయం ఉత్తదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 32 శాతం మంది ఉండాల్సిన బరువు లేరు. అదే వయసువాళ్లలో అధిక బరువున్నవాళ్లు 3.4 శాతమే. అయితే అంతకుముందు 2015-16 సర్వేలో వీళ్లు 2.1 శాతం.

చిప్సు, కూల్‌డ్రింకు మంచివి కావని ఈనాటి ఏ తల్లినడిగినా చెబుతుంది. ఆమె అనుమానించనిది వంటింటి అలమరలోనే ఉంది. 'బలానికి' అని పాలలో కలిపే పొడుల్లో కొన్నింటిలో మూడో వంతు దాకా చక్కెరే. పైన ఇంకో చెంచా పంచదార వేస్తే గానీ పిల్లాడు గ్లాసు ముట్టడు. పెద్దవాళ్లకే రోజుకు చక్కెర 25 గ్రాములు దాటొద్దని, రెండేళ్లలోపు పిల్లలకు అసలు వద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' వరసలోంచి తీసేయమని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకు సూచించింది. అలమరలో డబ్బా చోటు మాత్రం మారలేదు.

ఇక ఫోను. అది చేతికిస్తే గానీ నోరు తెరవని పిల్లలు ఇంటికొకరు. చందమామను చూపించి గోరుముద్దలు పెట్టిన రోజుల్లోనూ ధ్యాస మళ్లించే తినిపించాం, ఒప్పుకోవాలి. కానీ చందమామ కాసేపటికి విసుగొచ్చేది. కడుపు నిండగానే పిల్లాడు మొహం తిప్పేసేవాడు. ఫోను విసుగు రానివ్వదు. బొమ్మ ఆడుతున్నంతసేపూ నోరు తెరుస్తూనే ఉంటాడు, ఖాళీ గిన్నె చూసి అమ్మ తృప్తిపడుతుంది. చాలన్న సంగతి తన కడుపే తనకు చెబుతుందని వాడు నేర్చుకోడు. ఫోను చూస్తూ రాత్రి నిద్ర తగ్గినా ఒళ్లొస్తుందన్నది మరీ తక్కువమందికి తట్టే విషయం.

ఇదంతా అమ్మ ఖాతాలో రాయడం అన్యాయం. సాయంత్రం నాన్న తెచ్చే పొట్లం, తాతయ్య జేబులో చాక్లెట్, ఆటస్థలం లేని బడి, చీకటిపడేదాకా ట్యూషన్... వీటిలో ఏది ఆమె చేతిలో ఉంది? పైగా "పిల్లాడికి సరిగ్గా పెడుతున్నావా?" అని సన్నగా ఉన్నవాడి తల్లినే నిలదీస్తారు. బొద్దుగా ఉన్నవాడి తల్లికి దక్కేవి మెచ్చుకోళ్లే. అలాంటప్పుడు ఆమెకు అనుమానం ఎక్కణ్నుంచి వస్తుంది? "ఎత్తు పెరిగితే అదే సర్దుకుంటుందిలే" అని చుట్టూ పదిమంది అంటుంటే?

జూన్‌లో యూనిఫాం కొలతలకు వెళ్లినప్పుడు టైలరు టేపు చుట్టి, "పోయినేటి కంటే నడుము మూడంగుళాలు పెరిగిందమ్మా, పొడుగు ఒకటే" అంటాడు.

"పెరిగే పిల్లాడు కదా, ఇంకాస్త వదులుగా కుట్టండి" అంటుంది అమ్మ.