తపసుమాను కింద కెమెరా

ఎండాకాలం వచ్చిందంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో భారతం మొదలవుతుంది. ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుడుల దగ్గర, చాలాచోట్ల 18 రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ముఖాన రంగు, భుజకీర్తులు, కిరీటం... అలాంటి అర్జునుణ్ణి ఫొటో తీయాలని ఎవరికుండదు?

తపసుమాను రోజున జనం విరగబడతారు. పాశుపతం కోసం అర్జునుడు పద్యాలు పాడుతూ మానెక్కి, పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. ఒళ్లో పండు పడితే కడుపు పండుతుందని నమ్మకం.

రీలుకు 36 ఫొటోలే వచ్చే రోజుల్లో ఆచితూచి నొక్కేవారు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోనే. పైకి చూడాల్సిన కెమెరా కిందికి దిగుతోంది. ఆ తల్లి దేవుడికి మాత్రమే చెప్పుకున్న బాధ సాయంత్రానికల్లా ఊరందరి ఫోన్లలో తిరుగుతుంది.

వేషం నలుగురూ చూడటానికే. మొక్కు మాత్రం ఆమెది. అర్జునుణ్ణి ఎన్నయినా తీయండి, కెమెరా కిందికి దించకండి.

ఇంకా తనివి తీరకపోతే చివరి రోజు దాకా ఆగండి. మట్టితో చేసిన భారీ దుర్యోధనుడు నేలమీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఎన్ని ఫొటోలు తీసినా ఆయనేమీ అనుకోడు!